జంట తప్పిన కత్తెర

పంతొమ్మిది వందల డెబ్బయి ఎనిమిదో సంవత్సరం, నవంబరు పదహారో తేది, గురువారం, ఉదయం పదిగంటల నలభై నిమిషాలు. తెల్లవారినప్పటినుండి పట్టిన సన్నని తుంపర ఇంకా వదలలేదు. అంగళ్ళ వీధి చివరనున్న వర్తక సంఘ భవనం మేడమెట్లను కత్తెరక్క ఒక రేకు పెట్టెను చంకన పెట్టుకొని ఎక్కుతూండగా, ఆమె తమ్ముడు గొడుగు ముడుస్తూ వెనుకనుండి వచ్చి కలుసుకొన్నాడు.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ పట్టదు. మామగారి కాలంనుండి ఆ ఇంటి కొలిమిలో దర్జీల కత్తెరలు తయారవుతున్నాయి. మామగారు, ఆయన వెనుక భర్త గతించాక కూడా సమ్మెట చప్పుడు ఆగనీయకుండా నడుపుకువచ్చింది గనుక ఆమె కత్తెరక్క అయింది. తమ్ముడో, ఓడలమీద వచ్చే విదేశీ కత్తెరలను దింపించి టోకున అమ్మే వర్తకుడు. అవి అక్కగారి కత్తెర ధరలో సగానికే దొరుకుతున్నందున ఆ వీధిలోని నాలుగు కొలుములకూ ఊపిరి కొట్టుకులాడుతున్నది. దిగుమతి సరుకుమీద సుంకం వేయాలా, వద్దా అని తేల్చడానికి ప్రభుత్వం పంపిన విచారణాధికారి ఆ పూట మేడమీద కూర్చొని ఉన్నాడు. వేస్తే కొలిమి నిలుస్తుంది. వేయకపోతే నెలాఖరుకు చల్లారుతుంది.

"అక్కా, చివరిసారి అడుగుతున్నా. నీ ముద్ర నాకిచ్చెయ్. నా సరుకు మీద కొట్టుకుంటా. నువ్వు కాలు మీద కాలేసుకుని కూర్చుని తిను."

"ఎవరికో పుట్టిన బిడ్డకి నా ఇంటిపేరు పెట్టమంటావా? పోరా, పో. మెట్లు తడిగా ఉన్నాయి, చూసి ఎక్కు."

పైన బల్లకు ఒకవైపు కొలిమివాళ్ళు, మరొకవైపు వర్తకులు కూర్చొన్నారు. నడుమ కుర్చీలో దర్జీ బాబాయి ఉన్నాడు. రెండు రకాల కత్తెరలతోనూ బట్ట కోసినవాడు గనుక అధికారి ఆయననే సాక్షిగా పిలిపించాడు.

కత్తెరక్క లేచి నిలబడింది. "మొక్కకి కంచె కట్టమంటున్నాం బాబూ, అంతే. మేక మీద మాకేం కోపం లేదు" అని తమ్ముడివైపు చూసింది. గది గొల్లుమన్నది.

దర్జీ బాబాయి మాత్రం నవ్వలేదు. "బాగానే చెప్పావమ్మా. కానీ నీ మొక్క నా పెళ్ళినాటికే కాపు కాసింది. ఇంకా కంచె ఎందుకు? ఆ కంచెకి కర్రలు నా జేబులోంచే గదా లాగుతారు!"

"కొలిమి ముసలిదే బాబాయ్. ఉక్కుని అచ్చుకొట్టే యంత్రం మాకొచ్చి రెండేళ్ళేగా? ఆ విదేశాల వాళ్ళ చేతులకది మా తాతల నాడే అలవాటైంది. ఇక ధరంటావా, మా తమ్ముణ్ణే అడుగు. వాళ్ళ దేశంలో అమ్మేదానికంటే ఇక్కడ తక్కువకి ఎందుకు అమ్ముతున్నారో."

"అది వాళ్ళిష్టం. చవగ్గా ఇస్తే చేదా?" అన్నాడు తమ్ముడు.

"మా కొలుములు చల్లారేదాకే ఆ చవక. ఏరు దాటాక తెప్ప తగలేస్తారు. అప్పుడు నీ జేబులో పడే చెయ్యి ఏ దేశంలో ఉంటుందో బాబాయ్! నా మీద కోపమొస్తే మా గుమ్మంలోకొచ్చి తిడతావు. వాళ్ళని తిట్టడానికి ఓడెక్కుతావా?"

అధికారి నవ్వు ఆపుకొని, రెండు కత్తెరలతోనూ ఒకే బట్టను కోయమని దర్జీ బాబాయికి చెప్పాడు. విదేశీ కత్తెర మందపాటి గుడ్డలో చేపలా ఈదిపోయింది. తరువాత దర్జీ బాబాయి రేకు పెట్టెలోని కత్తెరను అందుకొని రెండుసార్లు ఆడించాడు. గుడ్డ తెగలేదు, మడతపడి అలుగుల నడుమ, అంటే కత్తెర రెండు రెక్కల నడుమ, నలిగింది.

"ఆడలేక మద్దెల ఓడంటావేమో అక్కా?" అని తమ్ముడు చంకలు గుద్దుకొన్నాడు. కొలిమివాళ్ళు తలలు దించుకొన్నారు.

కత్తెరక్క ఆ కత్తెరను వెలుతురుకు ఎత్తి చూచింది. కత్తెర రెండు అలుగులనూ ఒకదానితో ఒకటి సరిచూసుకొంటూ సానపడతారు. ఒక జంటలోని అలుగు మరొక జంటలో ఇమడదు. అందుకే మర విప్పినప్పుడు ప్రతి జంటనూ దారంతో కట్టి ఉంచడం ఆ వీధి కట్టుబాటు. పెద్దల ముందు మెరవాలన్న మోజుతో నిన్న ఆమే పెట్టెలోని కత్తెరలన్నీ విప్పించి, మెరుగు పెట్టడానికి అడ్డమని దారాలు తెంపించింది. తెల్లవారి తొందరలో కంటి అందాజుమీద మళ్ళీ బిగించింది.

"మద్దెల బాగానే ఉందిరా. ఓడు నా బుద్ధి" అన్నది గట్టిగా, గది అంతటికీ వినబడేటట్లు. "జంటలు మార్చింది నేనే. బాబూ, కాస్త కూర్చోండి."

ఎవరి అనుమతికీ ఆగకుండా బల్లమీదనే కత్తెరలన్నిటినీ విప్పింది. అలుగుకు అలుగు ఆనించి, సందులోనుండి వెలుతురు ఎక్కడ చొరబడుతున్నదో చూస్తూ, ఒక్కొక్కదానికి దాని తోడును వెదికి పట్టుకొన్నది. ఒక జంట మర బిగించి దర్జీ బాబాయి చేతికిచ్చింది. ఈసారి గుడ్డ అంచున పోగు లేవకుండా తెగింది.

"ఎలా ఉంది?" అన్నాడు అధికారి.

దర్జీ బాబాయి గడ్డం గోక్కున్నాడు. "తెగింది. అబద్ధమెందుకు, ఆ ఓడ సరుకే ఇంకా తేలిగ్గా నడుస్తోంది."

కత్తెరక్క తడుముకోలేదు. "నిజమే. ఇదీ అంత తేలిగ్గా నడిస్తే మీ గుమ్మం ఎక్కేదాన్నే కాదు. నేనడిగేది ముష్టి కాదు, గడువు." పెట్టె అడుగునుండి మామగారి నాటి ఉక్కు ముద్రను తీసి ఠపీమని బల్లమీద పెట్టింది. "అయిదేళ్ళివ్వండి. అప్పటికీ ఈ ముసలాయనే తేడా చెప్పగలిగితే, సుంకం మీరెత్తేయండి, ముద్ర నేనే కొలిమిలో పారేస్తా. కంచె కలకాలం ఉండాలన్నవాడు రైతే కాదు."

"ముసలాయన అప్పటిదాకా బతకొద్దూ?" అన్నాడు దర్జీ బాబాయి.

"బతకాలి. నా కత్తెర కొనాలి గదా!"

సుంకం వేశారు, అయిదేళ్ళకు కాదు, మూడేళ్ళకు, అడిగినంత కాదు, అందులో సగం. ఆ మూడేళ్ళలోనే నాలుగు కొలుములలో రెండు మూతపడ్డాయి. గడువు తీరిన నెలలో దర్జీ బాబాయి రెండు కత్తెరలతోనూ మళ్ళీ గుడ్డ కోసి, తేడా ఉన్నది గాని చెప్పుకోదగినది కాదన్నాడు. సుంకం ఎత్తివేశారు. కత్తెరక్క కొలిమి ఆరలేదు. ధర ఎక్కువని దర్జీ బాబాయి కన్నుమూసేదాకా ఆమె గుమ్మంలోకి వచ్చి తిడుతూనే ఉన్నాడు. తమ్ముడి అంగడిలో ఇప్పుడు రెండు రకాలూ దొరుకుతాయి. ముద్ర అంచు అరిగింది, ఇంకా వాడుతున్నారు.