పన్నెండో సాలు పలక

ఆ రోజుల్లో నాకు తెలిసిన నాలుగు ముక్కలు నలుగురికీ చెప్పకపోతే అన్నం సయించేది కాదు. పంటల పరిశోధన కేంద్రంలో ఆరునెలల ఒప్పందం మీద కొత్తగా చేరాను. తర్లుపాడు దగ్గర మా మెట్టచేలోనే పన్నెండు సాళ్ల కంది వేయించి, వానలు ఆగాక చుక్క నీరు పెట్టకుండా ఏ మొక్క బతుకుతుందో చూడాలి. పని బాగుంటే ఉద్యోగం పొడిగిస్తారు, లేదంటే ఇంటికే. ఆ దిగులు లోపల దాచుకుని, పైకి పండితురాలిలా అన్నాల దగ్గర నాయనకు పాఠం చెప్పాను. మొక్క డీఎన్ఏలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే ముక్కలుంటాయి, మామూలప్పుడు మొక్క వాటిని అణచిపెడుతుంది, ఎండకు అల్లాడినప్పుడు ఆ కట్టడి సడలి కొన్ని దూకుతాయి, ఎక్కువసార్లు నష్టమే, ఎప్పుడో ఒకటి సరైన చోట పడితే మొక్కకు కరువుకు ఓర్చుకునే గుణం వస్తుంది, అది గింజలకూ దిగుతుంది అని. నాయన ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "అంటే, అవి దూకిందాకా చెట్టును మాడ్చి పెడతావా పాపా?" అన్నాడు. (ఆ మాటలోని బాధ నాకు అప్పుడు వినబడలేదు, నా పాఠమే నాకు వినబడుతోంది.)

సాళ్ల మొదట్లో మార్కాపురం పలకల షెడ్డులో పారేసిన విరుగు ముక్కలు పాతి, బలపంతో నంబర్లు వేశాను. నెల తిరిగేసరికి చేనంతా వడలిపోయింది, బాట పక్కనున్న నాలుగు సాళ్లు మాత్రం నవనవలాడుతున్నాయి! వాటి పలకల మీద అంకెలే ఎందుకో చెరిగిపోయేవి. వాన లేదు, మంచు లేదు. మేకలు రాసుకుని పోతున్నాయనుకుని మళ్లీ మళ్లీ దిద్దాను. (ఇప్పటి నేను పక్కనుంటే అప్పటి నా చెవి మెలిపెట్టేదాన్ని.) "దూకాయి సార్, నాలుగు సాళ్లలో దూకాయి!" అని మా పెద్దసారుకు ఫోన్ చేసి, రిపోర్టు కూడా పంపాను. చూడటానికి వస్తానన్నారు.

ఆయన వచ్చే పొద్దున, రోజూ పోయేదానికంటే గంట ముందే చేనికి పోయాను. గొర్రెలు తోలుకుపోతున్న మా ఊరి మామ ఒకాయన నన్ను చూసి, "ఏందమ్మా, నువ్వొచ్చినావు? నీళ్లు పోసేదానికి మీ నాయన రాలేదా?" అన్నాడు. ఇంటికి పరుగెత్తి నిలదీస్తే నాయన తలొంచుకున్నాడు. "చెట్లు ఎండిపోతే నీ ఉద్యోగం పోతాదేమోనని బిందెలతో పోసినా పాపా. పన్నెండు సాళ్లకూ పోయాలనే ఉన్నింది, నడుము పట్టుకున్నాది." కోపం, ఏడుపు, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తేలకముందే బయట జీపు హారన్ మోగింది.

ముగ్గురం చేనికి పోయాం. నాయనే ముందుకొచ్చి, "తప్పు నాది సార్, నీళ్లు పోసినా. పాపకేం తెలీదు" అనేశాడు. సార్ ఒక్కో సాలూ చూసుకుంటూ చేని చివరిదాకా నడిచారు. ఆయన అడుగడుగుకీ నా ఉద్యోగం దూరమవుతున్నట్టే ఉంది. చివరి పలక దగ్గర కూర్చుని, "ఈ పన్నెండు ఎప్పుడు రాశావు?" అన్నారు.

"వానలు ఆగాక సార్. మళ్లీ దిద్దలేదు."

"ఇంత దూరం నేను రాలేదు సార్, ఒట్టు" అన్నాడు నాయన.

ఆ సాలులో ఎండిన మొక్కల మధ్య రెండు, ఆకులు ముడుచుకుని, నాలుగైదు కాయలతో నిలబడి ఉన్నాయి. పచ్చటి సాళ్లను చూసి మురిసిపోతూ నేను వాటి వైపే చూడలేదు. "నీళ్లు పడుంటే ఈ అంకె ఉండేదా? రిపోర్టు తిరగరాయి" అని సార్ ఆ కాయలు కోయించారు. తర్వాత ఆ రెంటిలో ఒకదానిలో నిజంగానే ఒక ముక్క చోటు మారిందని తేలింది. అది బతికింది అందుకేనని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. నాకు ఇంకో ఆరునెలలు పొడిగించారు.

ఆ పలక ముక్క ఇప్పుడు నా బల్ల మీద ఉంది, దుమ్ము తుడిచేటప్పుడు అంకె జోలికి పోను. ఎండకు మొక్క ఏం చేస్తుందో అంత చదివినదాన్ని, నా దిగులు చూసి నాయన ఏం చేస్తాడో ఊహించలేకపోయాను. పిచ్చిదాన్ని!