ప్లాన్‌లో రాసిన పండుగలు

రెండు వారాల పనిని గంటల్లోకి విడగొట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం. హైటెక్ సిటీలో ఒక కంపెనీలో, నాతో కలిపి ఎనిమిది మంది ఉన్న టీమ్‌కి నేను లీడ్‌ని. రెండు వారాలకోసారి అందరం కూర్చుని, ఎవరు ఎన్ని రోజులు వస్తారో చూసుకుని, ఆ రోజులకు సరిపడా పని ఒప్పుకునేవాళ్లం. షీట్‌లో ఎడమవైపు పేర్లు, పైన తేదీలు. ఒక్క గడి ఖాళీగా కనిపించినా నాకు అన్నం సయించేది కాదు.

తెలంగాణ ఉద్యమం జోరందుకున్నాక ఆ గడులే నా ప్రాణం తీశాయి. వారం తిరగకుండా బంద్ పిలుపు వచ్చేది. బస్సులుండవు, ఆఫీసు క్యాబులు రావు. ఇంటి నుంచి పని చేద్దామంటే మాకు ల్యాప్‌టాప్‌లు లేవు. మా చేత పని చేయించుకునే క్లయింటు ఎక్కడో సముద్రాల అవతల ఉండే ఒక పెద్దావిడ. “ఊళ్లో గొడవలని తెలిస్తే ప్రాజెక్టును పుణెకి పట్టుకుపోతారు. బంద్ అన్న మాట ప్లాన్‌లో కనిపించకూడదు,” అని మా మేనేజర్ తేల్చేశారు.

కనిపించకుండా చేయడం నాకో లెక్కా? ఆ గడుల్లో ‘స్థానిక పండుగ’ అని రాసిపడేశాను.

మొదటిసారి ఎలాగో గడిచిపోయింది. రెండోసారి, సోమవారం ఫోన్ మీటింగ్‌లో, పండుగ ఎలా జరిగింది, ఏం వండుకున్నారు అని ఆవిడ ఆప్యాయంగా అడిగింది. నేను తడబడి, ముందు నోటికొచ్చిన పులిహోర పేరు చెప్పాను. చింతపండు ఎలా ఉడికించాలో కూడా చెప్పాల్సొచ్చింది. మూడోసారి బొబ్బట్లు. నాలుగోసారి గారెలు. ఐదోసారికి సరుకు అయిపోయి మళ్లీ పులిహోరకే వచ్చాను. ఫోన్ మ్యూట్‌లో పెట్టి టీమంతా పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు.

నవ్వనిది ఒకత్తే, మా టెస్టర్. సిద్దిపేట వైపు అమ్మాయి, కాంట్రాక్టు మీద చేరింది. మేం అయిపోయిందన్న పని నిజంగా అయిపోయిందో లేదో చూడటం ఆమె ఉద్యోగం. బంద్ రోజున మేమంతా ఇళ్లలో పడుకుంటే ఆమె వెళ్లి రోడ్డు మీద కూర్చునేది. మర్నాడు ఎండకు కమిలిన మొహంతో వచ్చి మా తప్పులు పట్టుకునేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. రాష్ట్రం కలిసుండాలని కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను, విడిపోవాలని ఆమె. ఆ సంగతి మాత్రం ఎత్తకుండా ఇద్దరం మధ్యాహ్నం డబ్బాలు పంచుకునేవాళ్లం.

ఒకరోజు ఆమె సర్వపిండి ముక్క తుంచి నా మూతలో పెడుతూ అంది.

“అక్కా, ఒక మాటంట, కోపం జెయ్యకు. మేం రోడ్డు మీద కూసుంటుంటే, నువ్వేమో పులిహోర తింటున్నమని చెప్తున్నవ్.”

“నీ కోసమే కదమ్మా చెబుతున్నది! ప్రాజెక్టు పోతే మేం ఇంకోచోట సర్దుకుంటాం. కాంట్రాక్టు వాళ్లని ముందు ఇంటికి పంపిస్తారు. తెలుసా?”

“నాకెర్క లేదా? దినాం గదే ఫికర్. పోతే పోనీ అక్కా. నన్ను కాపాడనీకి, నేను జేసేది లేనట్టు రాయకు.”

నాకు ఒళ్లు మండిపోయింది. సగం తిన్న డబ్బా మూసేసి లేచిపోయాను. మేలు చేయబోతే ఎదురు చెబుతుందా అని రెండు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. ఆమె జీతంతోనే చెల్లెలి నర్సింగ్ చదువు నడుస్తోందని నాకు తెలుసు. అందుకే అంత కోపం.

తర్వాతి ప్లాన్‌లో గురువారం బంద్. తన పేరు పక్కన నేను రాసిన పండుగను చెరిపేసి ఆమె ‘బంద్’ అని రాసింది. నేను చెరిపి మళ్లీ పండుగ పెట్టాను. కాసేపటికి చూస్తే మళ్లీ బంద్. పక్కపక్క టేబుళ్ల దగ్గర కూర్చుని, ఒక్క మాట మాట్లాడుకోకుండా, ఒక గడిలో కొట్టుకున్నాం. మళ్లీ చెరపబోతూ ఆగిపోయాను. ఆ గడిలో ఉన్నది ఆమె రోజు. దాన్ని లెక్కలో వేసుకునే పని నాది, ఆ రోజు ఆమె ఏం చేస్తుందో మార్చే పని కాదు. సిగ్గేసింది. భయమూ పోలేదు. గడిని అలాగే వదిలేశాను.

సోమవారం ఫోన్‌లో ఆవిడ అడగనే అడిగింది. గురువారం ఏడుగురికి పండుగ, ఒక్కరికి మాత్రం ఇంకేదో మాట రాశారు, ఏమిటది?

మేనేజర్ నా వైపే చూస్తున్నారు. టెస్టర్ నేల చూస్తోంది. అది పండుగ కాదు, ఇంతకుముందు చెప్పినవీ పండుగలు కావు అన్నాను. ఇక్కడివాళ్లు తమ రాష్ట్రం కోసం రోడ్ల మీద కూర్చుంటున్నారనీ, నాకది ఇష్టం లేదనీ, అయినా ఆ కూర్చున్నవాళ్లలో మా టీమ్‌లోకెల్లా నిజాయితీగా పనిచేసే మనిషి ఉందనీ చెప్పాను. ఈ పిల్ల ఉద్యోగం నా చేతులతోనే ఊడగొట్టానే అనుకున్నాను.

ఆ అమ్మాయి రోడ్డు మీద నుంచి క్షేమంగా ఇంటికి చేరుతుందా అని అడిగింది ఆవిడ.

టెస్టర్ ఫోన్ దగ్గరికి వంగి, “సేఫ్ మేడం,” అంది.

అయితే ఆ వారం పని ఇంకాస్త తగ్గించుకుందాం అంది ఆవిడ. ఫోన్ పెట్టేసే ముందు, ఆ పులిహోరైనా నిజమేనా అని అడిగింది.

ప్రాజెక్టు ఎక్కడికీ పోలేదు, ఆమె ఉద్యోగమూ పోలేదు. నేను మాత్రం మేనేజర్ చేత నాలుగు చీవాట్లు తిన్నాను. ఆ తర్వాత బంద్‌ని బంద్ అనే రాసి, తక్కువ పని ఒప్పుకుని, ఒప్పుకున్నది చేశాం.

కొన్నాళ్లకు రాష్ట్రం ఖాయమైంది. ఆ సాయంత్రం కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లో టీవీ కట్టేసి కూర్చున్నాను. బెల్ మోగింది. జుట్టు నిండా గులాబీ రంగు గులాల్‌తో, చేతిలో స్టీలు డబ్బాతో ఆమె నిలబడి ఉంది.

“అందరూ ఆడుతున్నరక్కా. నువ్వు ఒక్కదానివే పరేషాన్‌ల ఉంటవని వచ్చిన. ఇగో, నువ్వు ఫోన్‌ల చెప్పినట్టే చేసిన.”

మూత తీస్తే పులిహోర. నాకది పండుగ కాదు. అయినా ఆమె పండుగను నా ఇంటికి మోసుకొచ్చినందుకు ఏడుపొచ్చింది. ఒక ముద్ద తిన్నాను. ఆమె నా మొహంలోకే చూస్తోంది.

“ఎట్లున్నదక్కా?”

“ఉప్పెక్కువైందే,” అన్నాను.

ఆమె పకపకా నవ్వి, నా పక్కన కూలబడి, అదే డబ్బాలో చెయ్యి పెట్టింది.