గౌరి సొంగ, నా స్నానం

నిన్న నన్ను పగ్గమేసి కట్టేయబోయినారప్పా! నగేది ఆపండి ముందు. నిన్న టమాటాలేసుకోని మదనపల్లెకు యాల రాలేదని అడిగినారు కదా, చెప్తా. ఆ టీ ఇట్లియ్యి.

తెల్లారి లేచి సూస్తే మా గౌరి, అదే మా పుంగనూరు ఆవు, మెడ సాచి దగ్గుతాండాది. నోట్లోంచి సొంగ తీగ మాదిరి కారతాండాది. పక్కన ఉర్లగడ్డల గంప బోర్లా పడుండాది. ఇంకేముంది, గొంతులో గడ్డ ఇరుక్కునుండాది! మా నాయన చేసినట్టే చొక్కా చెయ్యి మడిచి, మోచేతి దాకా దాని నోట్లో పెట్టినా. గడ్డ నాకు దొరకలా. నా వేలు మాత్రం దాని పంటికి దొరికింది.

పశువుల డాక్టరుకు ఫోన్ చేసినా.

"వస్తాండా. సొంగ కారేటప్పుడు ఉత్త చెయ్యి పెట్టద్దప్పా! గడ్డ కావచ్చు, రేబిస్ అయినా కావచ్చు. అది సొంగలోనే ఉంటాది," అన్నాడు.

"పెట్టేసినా సార్."

డాక్టరు ఒక్కసారిగా అరిచినాడు. "సబ్బుతో బాగా కడుక్కోని, వెంటనే పుంగనూరు ఆస్పత్రికి పో!"

ఫోన్ స్పీకర్‌లో ఉండాది. మా ఇంటామె రెడ్డెమ్మ అంతా వినేసింది. కొళాయి కింద చెయ్యి రుద్ది రుద్ది కడుక్కున్నా. అబద్ధమెందుకు? పోతానేమో అనుకున్నా. ఆమెకు అది చాలలా. తొట్టిలో నీళ్లు బకెట్‌తో ముంచుకోనొచ్చి, "ఒళ్లంతా సొంగే, తలకు పోసుకో," అంటాది. ఈ చలిలోనా! నేను ఎనక్కి జరిగినా. ఆమె ముందుకొచ్చింది. నేను గడ్డివామి చుట్టూ పరిగెత్తినా.

అంతే! "అయ్యో దేవుడా, నీళ్లు సూసి పారిపోతాండాడే!" అని శోకం ఎత్తుకునింది. పిచ్చికుక్క కరిసినోడు నీళ్లకు దడుస్తాడని ఊరంతా చెప్పుకుంటారు కదా. కుప్పంలో ఉండే తమ్ముడికి ఫోన్ కొట్టింది. "ఒరే మునెప్పా, మీ బావకు ఎక్కేసిందిరా!"

"దగ్గరికి పోవద్దక్కా! పగ్గమేసి కట్టండి! నేనొస్తాండా!" అని మా బామ్మర్ది అరుపు.

పక్కింటి గంగులప్ప పరీక్ష పెడతానని చెంబు నీళ్లు తెచ్చి నా మొహం ముందర పట్టినాడు. తాగినా. ఆ భయంలో పొలమారింది! తుంపర్లన్నీ గంగులప్ప మొహానే. చెంబు ఆడనే పారేసి, "నాకూ తగిలిందిరో!" అని నాకంటే ముందు ఆటో ఎక్కి కూచున్నాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వేలు సూసి, మళ్లీ కడిగించి, సూది ఏసింది. గంగులప్పకేమీ లేదు పొమ్మనింది. రెడ్డెమ్మ మాత్రం ఏడుపు ఆపలా. "నీళ్లంటే భయపడతాండాడమ్మా!"

డాక్టరమ్మ మొహం మారిపాయె. "ఎప్పటినుంచి?"

రెడ్డెమ్మ ముక్కు తుడుచుకోని, బాగా ఆలోచించి చెప్పింది. "పెండ్లయినప్పటినుంచీ."

వార్డంతా నగు! అప్పుడే పశువుల డాక్టరు ఫోన్. గడ్డ తీసేసినాడంట, వేరే జబ్బేమీ కనపడలేదంట, గౌరి మేత మేస్తాండాదంట. మునెప్ప కూడా అప్పుడే దిగినాడు, చేతిలో కొత్త పగ్గం.

పగ్గం తెచ్చిన మనిషిని ఊరికే పంపుతారా? ఈ పొద్దు తెల్లారి నన్ను పట్టుకోనుండింది మునెప్ప, బకెట్‌తో పోసింది రెడ్డెమ్మ. "భయం తగ్గిందో లేదో సూడల్ల కదా," అని గంగులప్ప ఎదురుగా కుర్చీ ఏసుకోని కూచున్నాడు. వాళ్ల సంగతి వదిలేయండప్పా, నా అరుపులు విని గౌరి కూడా మేత ఆపి సూసింది!