సిఫారసు లేఖ కోసం తిరిగిన రోజు

మా ఇంట్లో మగ్గం వదిలి మిల్లుకు పోయిన మొదటివాణ్ని నేను. గద్వాలలో మా వీధంతా చీరలు నేసేవాళ్లే. నాకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చునే ఓపిక ఉండేది కాదు. తొంభైల మొదట్లో ఊరి బయట పల్లినూనె మిల్లులో పని దొరికితే చేరిపోయాను. మా అమ్మ నేసిన మగ్గం నా భార్య చేతికి వచ్చింది. పెళ్లయిన ఏడాదికే ఆమె నేసిన అంచులను షావుకార్లు అడిగి మరీ తీసుకునేవాళ్లు.

మిల్లు పనివాళ్లకు సర్కారు ఆరోగ్య బీమా ఉండేది. చేరేటప్పుడు ఒక కార్డూ, ఒక పలచటి పుస్తకమూ ఇచ్చారు. మాలో పదో తరగతి పాసైంది నేనొక్కణ్నే. ఎవరికి ఉత్తరం వచ్చినా, గేటు మీద నోటీసు అంటించినా నన్నే పిలిచేవాళ్లు. ఆ పుస్తకాన్ని కూడా అన్నాలు తినే వేళ నేనే గొంతెత్తి చదివి వినిపించాను. ఆధారితులు, సిఫారసు లేఖ, అత్యవసర చికిత్స... అన్నీ తెలుగు మాటలే. ఎవరైనా "గదంటే ఏంది?" అని అడిగితే క్షణం ఆలోచించకుండా చెప్పేసేవాణ్ని.

ఒక రోజు పొద్దున నా భార్య మగ్గం గుంటలోంచి లేవలేకపోయింది. ముందురోజు సాయంత్రం నుంచి కడుపులో నొప్పి ఉందట, చెప్పలేదు. కుడివైపు కింద చెయ్యి పెట్టనివ్వలేదు. ఒళ్లు కాలిపోతోంది. మా అమ్మా నేనూ కలిసి ఆమెను మంచం మీదికి చేర్చాం. కడుపు కోసే జబ్బయితే కర్నూలు పోవాల్సిందేనని వీధిలో అందరూ అనుకునేదే. అక్కడ మా బీమా చెల్లే ఆసుపత్రి ఉంది. నేను కార్డు జేబులో పెట్టుకుని బీమా డిస్పెన్సరీకి పరుగెత్తాను.

డాక్టరు ఇంకా రాలేదు. వాకిలి ఊడుస్తున్న పనామెకు సంగతి చెబితే, "సారు పదకొండుకొస్తడు, ఆ బల్ల మీద కూసో. కర్నూలు పోవాలంటే సిఫారసు లేఖ ఉండాలె" అంది.

ఆమె ఆ మాట అనగానే నాకు అంతా తెలిసిపోయినట్టనిపించింది. సిఫారసు అంటే పెద్దమనిషి చెప్పే మాట. ఉద్యోగానికీ, రేషన్ కార్డుకూ సిఫారసు తెమ్మంటే ఎవరి ఇంటికి పోతామో అక్కడికే పోవాలి. మా వైపు లీడర్ ఒకాయన ధరూరులో ఉండేవాడు. బల్ల మీద కూర్చుని కాలం పోగొట్టుకోవడం ఎందుకని ఇంటికి వచ్చాను.

అప్పటికి నొప్పి కాస్త తగ్గిందంది నా భార్య. మొహం మాత్రం తెల్లగా పాలిపోయి ఉంది. "సిఫారసు చీటీ తీస్కొని వస్త, మధ్యాహ్నంకల్ల కర్నూలు పోదాం" అన్నాను. ఆమె తలూపింది. మా అమ్మకు నమ్మకం కుదరలేదు. "బిడ్డా, బస్సెక్కించుకొని పోతె కాదా?" అంది.

"చీటీ లేకుంటే లోపలికి రానియ్యరమ్మా. బుక్కుల రాసుంది" అన్నాను. బుక్కు పేరెత్తేసరికి అమ్మ నోరు మూసుకుంది.

ధరూరు చేరేసరికి లీడర్ లేడు. వనపర్తిలో ఏదో మీటింగుకు పోయాడన్నారు. మళ్లీ గద్వాల బస్టాండుకొచ్చి వనపర్తి బస్సు పట్టుకున్నాను. బస్టాండు నుంచి మా ఇల్లు పది నిమిషాల దూరం. బస్సు కదులుతోందని ఇంటికి పోలేదు. ఆ పది నిమిషాలను ఈనాటికీ లెక్కేసుకుంటాను.

వనపర్తిలో మీటింగు ముగిసిపోయింది. లీడర్ అటు నుంచి అటే పాన్‌గల్ పోయాడట. పాన్‌గల్ బస్సుకు ఇంకా గంట ఉంది. కాళ్లు నిలవక బస్టాండంతా తిరుగుతుంటే, బెంచీ మీద కూర్చున్న ముసలాయన పిలిచాడు. తెల్లగడ్డం, తల మీద టోపీ, ఒళ్లో గుడ్డసంచి. పాన్‌గల్‌వైపు దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరైనవాడని తర్వాత మాటల్లో తెలిసింది.

"ఏంది బేటా, గంత పరేషాన్ల ఉన్నవ్?"

చెప్పాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఏ వైపు, జ్వరం ఉందా అని అడిగాడు. పొద్దున కొంచెం తగ్గిందని నేను అనగానే ఆయన మొహం మారిపోయింది.

"తగ్గుడు కాదది. లోపల పగిలుంటది. ఆ బుక్కేదీ, జర చూపియ్."

పుస్తకం జేబులోనే ఉంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక పేజీ దగ్గర వేలు ఆనించాడు.

"సిఫారసంటే లీడర్ది గాదు బేటా, డాక్టర్ది. మీ డిస్పెన్సరీ డాక్టరే రాస్తడు, ఈ మనిషిని పెద్ద దవాఖానల చూడున్రి అని. గంతే. ఇగ దీని కింద చూడు, అత్యవసరం అని ఉంది. పానం మీదికొస్తే గా చీటీ గూడ అక్కర్లేదు. ముందుగాల తీస్కపోయి చేర్పియ్యాలె, తర్వాత రెండు రోజులల్ల తెలియజెయ్యాలె."

ఆ వాక్యం నేను మిల్లులో గొంతెత్తి చదివిందే. పదకొండింటి దాకా ఆ బల్ల మీద కూర్చుని ఉంటే డాక్టరే రాసిచ్చేవాడు. ఆయన నా రెక్క పట్టుకుని ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ దగ్గరికి లాక్కుపోయాడు.

మిల్లుకు ఫోన్ కలిసేసరికి మూడుసార్లు తిప్పాల్సి వచ్చింది. గుమస్తా ఎత్తాడు. నేను చెప్పింది సగం విని, "పెండ్లాం ఆడ పడుంటే నువ్వు వనపర్తిల ఏం చేస్తున్నవ్?" అని అరిచాడు. "మిల్లు జీపుల కర్నూలు తీస్కపోన్రి సార్, దండం పెడ్త" అన్నాను. "చూస్త" అన్నాడు. లైను తెగిపోయింది.

చూస్త అంటే పంపుతాడనా, పంపడనా? మళ్లీ కలిపితే కలవలేదు. గద్వాల పోవాలా, నేరుగా కర్నూలు పోవాలా తేల్చుకోలేక నిలబడిపోయాను. "కర్నూల్ పో. మోటర్ పంపకుంటే మీ అమ్మ ఊకుంటదా, ఎట్లనన్న తీస్కపోతది" అన్నాడు ముసలాయన. పెబ్బేరు దాకా లారీలో, అక్కడి నుంచి బస్సులో పోయాను. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే గానీ గుర్తు రాలేదు, ఆయన పేరైనా అడగలేదని. బీమా కార్డు కూడా నా జేబులోనే ఉండిపోయింది. కార్డు లేని మనిషిని వాళ్లు చేర్చుకుంటారా? దాటిపోయే ప్రతి జీపులోకీ తొంగి చూస్తూ పోయాను.

ఆసుపత్రి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వరండాలో మా అమ్మ నేల మీద కూర్చుని ఉంది. జీపు వచ్చిందట. నా భార్యను లోపలికి తీసుకుపోయి రెండు గంటలైందట.

కౌంటర్లో ఒకాయన నా కార్డు తీసుకుని తిరగేశాడు. "ఇందులో మీయమ్మ పేరొకటే ఉండాది. ఈయమ్మ పేరు యాడుంది?" అన్నాడు.

పెళ్లయ్యాక ఆమె పేరు చేర్పించమని మిల్లులో కాగితం ఇచ్చారు. పైన "ఆధారితులు" అని ఉంది. నా భార్య చీరలు నేస్తూ నాకంటే ఎక్కువ పని చేసేది, ఎవరి మీదా ఆధారపడ్డ మనిషి కాదు. అందుకే ఆమె పేరు రాయలేదు. అదే ఆయనకు చెప్పాను.

ఆయన నవ్వలేదు. "నేస్తాదో నెయ్యదో మాకెందుకప్పా. భార్య అంటే చాలు, ఆధారితురాలే. లోపల వైద్యమేం ఆగలేదులే. మిల్లు ముద్ర ఏయించుకోని కాయితం తీసకరా" అన్నాడు.

కొంతసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చింది. పేగు పగిలి లోపలంతా చీము పట్టిందనీ, బతుకుతుందనీ చెప్పింది. పొద్దున్నే తెచ్చి ఉంటే చిన్న కోతతో సరిపోయేదని కూడా అంది. మా అమ్మ అప్పుడు ఏడ్చింది.

నా భార్య నెల రోజులు ఆసుపత్రిలోనే ఉంది. మాట్లాడే ఓపిక వచ్చాక ఒక మధ్యాహ్నం నేను జరిగిందంతా దాచకుండా చెప్పాను.

"అత్త బస్సెక్కిద్దామన్నది. నాక్కూడ గట్లనే అనిపిచ్చింది. నీకు సదువొస్తదని ఊకున్న" అంది.

తిరిగొచ్చాక నేను మొదట పోయింది డిస్పెన్సరీకి. డాక్టరు ముందు పుస్తకం పెట్టి, ప్రతి మాటకూ అర్థం చెప్పమన్నాను. వారం రోజులు ఓపికగా చెప్పాడు. తర్వాత మిల్లులో అన్నాల వేళ మళ్లీ చదివాను. ముందుగా నేను చేసిన తప్పు చెప్పి, ఆ తర్వాతే పుస్తకం తెరిచాను. కొందరు నవ్వారు. కానీ ఆ సాయంత్రం చాలామంది తమ కార్డులు పట్టుకుని గుమస్తా గది ముందు నిలబడ్డారు. మాలో సగానికి సగం మంది భార్యల పేర్లు రాయించనేలేదు.

ఆరునెలలు గుంటలో దిగొద్దన్నారు కాబట్టి నా భార్యకు చేతి నిండా తీరిక దొరికింది. తనకు అక్షరాలు నేర్పమంది. పలక కొనుక్కొచ్చి నేర్పాను. చేతులు అంచులకు అలవాటు పడ్డవి కనుక గీత తొందరగా వచ్చింది. కూడబలుక్కుని చదవడం వచ్చాక, ఇంటికి ఏ కాగితం వచ్చినా ముందు తనే తీసుకునేది. తెలియని మాట దగ్గర ఆగి నన్ను అడిగేది. నేను చెప్పబోతే నా మొహంలోకి చూసి, "నిజంగ తెల్సా, ఊకెనే చెప్తున్నవా?" అనేది.

తెల్వదు అని ఒప్పుకోవడం మొదట్లో చాలా కష్టంగా ఉండేది.