ఫైనల్‌కి గంజి పెట్టిన చొక్కాలు

పోయిన శుక్రవారం మస్కట్ చర్చిలో ప్రార్థన ముగించుకుని, ఒమాన్‌లో నేనుండే ఊరు రుస్తాఖ్ తిరిగి వస్తుంటే, ఊళ్లోకి రాగానే కోట దగ్గరి రౌండబౌట్ వద్ద మా కారు ఆగిపోయింది. ముందున్న కాలేజీ బస్సు ముందుకు పోకుండా ఆ రౌండబౌట్ చుట్టూ ఒకటికి మూడుసార్లు తిరుగుతోంది, కిటికీల్లోంచి కుర్రాళ్లు సగం బయటికి వేలాడుతూ జెండాలు ఊపుతున్నారు, లోపల ఎవడో డప్పు పగిలిపోయేలా వాయిస్తున్నాడు. కారు నడుపుతున్న, ఊళ్లో ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సమ్మాయి విసుక్కుని హారన్ మీద చెయ్యి పెట్టబోతే వద్దని ఆపాను. ఈరోజు మ్యాచ్ ఉందే పిల్లా, మూడు చుట్లూ తిరగనీ అన్నాను. నా గొంతులో అంత హుషారు ఆ అమ్మాయి ఎప్పుడూ విని ఉండదు, నావైపు వింతగా చూసింది. దానికేం తెలుసు, ఆ మూడు చుట్లూ అదే వరసలో నేను ఎన్ని గురువారాలు తిరిగానో.

నా ఈడు వాళ్లకి చెబితే అర్థమవుతుంది. ముప్ఫై ఏళ్ల క్రితం గల్ఫ్‌కి నర్సుగా రావడమంటే ఒక పెట్టె, రెండు తెల్ల యూనిఫాంలు, ఒక బైబిలు, అమ్మ కట్టి ఇచ్చిన ఆవకాయ సీసా. నరసాపురం దగ్గర మా ఊరి నుంచి వచ్చిన నన్ను ఇక్కడి కాలేజీ క్లినిక్‌లో వేశారు. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. క్వార్టర్స్‌లో తెలుగు మాట లేదు, ఉత్తరం రావడానికి మూడు వారాలు, ఫోను చేద్దామంటే మా ఇంట్లో ఫోనే లేదు. రెండేళ్ల కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందా అని గోడ మీద క్యాలెండర్లో రోజులు కొట్టేసుకునేదాన్ని. అలాంటి నన్ను మనుషుల్లో కలిపింది ఫుట్‌బాల్ అంటే మా వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

కాలేజీ జట్టుకి దెబ్బలు తగిలితే కట్టు కట్టడం క్లినిక్ సిస్టర్ పని. మొదట్లో విసుగ్గానే వెళ్లేదాన్ని. ఒక బంతి కోసం ఇరవై రెండు మంది పరిగెత్తడమేమిటి, ఇంకొకటి కొనిస్తే పోయేదిగా అనిపించేది. కానీ జట్టు బస్సు నడిపే కడప భాయ్ ఒకాయన ఉండేవాడు, తెలుగు మాట్లాడే దిక్కు నాకాయనొక్కడే. మైదానం పక్కన కూర్చోబెట్టి ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మూడు ఖర్జూరపు గింజలూ ఒక సోడా మూతా పెట్టి నేర్పించాడు. అది అర్థమైన రోజు నుంచీ నేను మనిషిని కాను. రిఫరీని తెలుగులో తిట్టడం మొదలుపెట్టాను.

అప్పట్లో సెలవులు గురు, శుక్రవారాలు. గురువారం మ్యాచ్ అంటే బుధవారం నుంచే కాలేజీకి నేల మీద కాలు నిలిచేది కాదు. గురువారం పొద్దున ఆటగాళ్లంతా క్లినిక్‌కి వచ్చి, దెబ్బ ఉన్నా లేకపోయినా మడమకి కట్టు కట్టించుకునేవాళ్లు, సిస్టర్ కట్టిన కట్టు లేకపోతే కాలు కదలదని వాళ్ల నమ్మకం. మధ్యాహ్నం కెప్టెన్ అబ్బాయి నానమ్మ పెద్ద ఫ్లాస్కు నిండా ఖహ్వా, అదే అరబ్బుల కాఫీ, పళ్లెం నిండా ఖర్జూరాలు తెచ్చేది. ఆ తర్వాత బస్సు కోట దగ్గరి రౌండబౌట్ చుట్టూ మూడు చుట్లు, ఇక మైదానం. డ్రైవరూ, నానమ్మా, నేనూ జట్టులో మనుషులమే, మేమెక్కనిదే బస్సు కదిలేది కాదు. ఆ ఏడు మా వాళ్లు ఎప్పుడూ లేనిది ఫైనల్‌కి చేరారు. ఎదుటి జట్టు ఖబూరా వైపు నుంచి, సముద్రం ఒడ్డు ఇసుకలో పరిగెత్తి పెరిగిన పిల్లలు, అలుపన్నది ఎరగరు. మా కెప్టెన్‌కి అదే ఆఖరి ఏడు, ఆఖరి మ్యాచ్.

ఇక నా ఘనకార్యం. బుధవారం పొద్దున కెప్టెన్ ఒక గోనెసంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో సెమీఫైనల్లో వేసుకున్న పద్నాలుగు తెల్ల చొక్కాలు. "సిస్టర్, ఏ సంభాల్‌కే రఖో. అల్మారీ లాక్ కరో. కల్ మ్యాచ్ హై" అని, రేపటి మ్యాచ్‌దాకా వాటిని అల్మారాలో తాళం వేసి జాగ్రత్త చెయ్యమని, తనకొచ్చిన హిందీలో చెప్పి వెళ్లిపోయాడు. తాళం ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపటికి ఆ సంచి వాసన డెట్టాల్ వాసనని మించిపోయింది. తీసి చూద్దును కదా, మట్టి, చెమట, గడ్డి మరకలు, ఒకదానికి నెత్తురు. నా ప్రాణం చివుక్కుమంది. రేపు ఊరంతా చూడబోయే పిల్లలు వీటినా వేసుకునేది!

మా అమ్మ మిషనాసుపత్రిలో ఆయా. మా ఇంట్లో ఉన్నా లేకపోయినా ఆదివారం గుడికి గంజి పెట్టని బట్ట కట్టుకుని వెళ్లింది లేదు. శనివారం మధ్యాహ్నం నీలిమందు బకెట్టు ఒకటి, గంజి బకెట్టు ఒకటి, మధ్యలో చీర చెంగు బొడ్లో దోపుకున్న మా అమ్మ. పెళ్లికైనా, పరీక్షకైనా, కొత్త ఉద్యోగానికైనా మమ్మల్ని బడాయిగా గంజిబట్టల్లోనే సాగనంపింది. మన పిల్లలు అనుకున్నవాళ్లని మంచి రోజున మురికి బట్టల్లో పంపితే ఆ తప్పు మనదే అని నేర్చుకుని పెరిగినదాన్ని.

అంతే, మధ్యాహ్నం డ్యూటీ దిగగానే సంచి రూమ్‌కి మోసుకుపోయాను. ఉతికి, నీలం పెట్టి, రెండు గ్లాసుల బియ్యం గంజి చాలకపోతే మళ్లీ రెండు గ్లాసులు ఎసట్లో పడేసి, పద్నాలుగు చొక్కాలకీ చిక్కటి గంజి పట్టించి మేడ మీద ఆరేశాను. ఆ అన్నమంతా ఏం చెయ్యాలో తెలియక పులిహోర కలుపుకుని మూడు రోజులు అదే తిన్నాను. ఒమాన్ ఎండకి సాయంత్రంలోపే కరకరలాడిపోయాయి. పొద్దున్నే ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి, అల్మారాలో పేర్చి తాళం వేసి, నన్ను చూసి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం పిల్లలంతా వచ్చారు. తలుపు తీసి పక్కకి నిలబడ్డాను, మెచ్చుకుంటారని. కెప్టెన్ ఒక చొక్కా అందుకుంటే అది మడత విప్పినా మడత ఆకారంలోనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. గోల్‌కీపర్ నేల మీద చతికిలబడి తల పట్టుకున్నాడు. నాకేమీ అర్థం కాక గుమ్మంలో ఉన్న భాయ్ వైపు చూశాను.

"ఎంత పని జేసినావమ్మా సిస్టరూ! సెమీస్ గెల్చిన చొక్కా ఫైనల్ అయ్యేదాంక నీళ్ల మొగం చూడకూడదు, అది ఈళ్ల ఆచారం. హాస్టల్ ధోబీ యాడ ఉతికేస్తాడో అని నీకాడ దాపెట్టినారు గదా!"

వాళ్లు దాచమని ఇచ్చింది చొక్కాలు కాదు, గెలుపు. దాన్ని నేను చేతులారా తూములో పారబోశాను. పైకి మాత్రం నాకు కోపమే వచ్చింది, శుభ్రం చేసిన పాపానికి ఈ ముఖాలేమిటి అని తెలుగులో ఏదేదో అనేశాను, అంటూనే ఏడ్చేశాను. ఈ మ్యాచ్ పోతే వీళ్ల ముఖం ఎలా చూడటం? ఈ దేశంలో నాకున్నదే ఈ గురువారాలు, ఇవీ పోతే మళ్లీ ఆ నాలుగు గోడలూ ఆ క్యాలెండరూనే కదా అని ఒకటే గుబులు.

కెప్టెన్ నా కన్నీళ్లు చూశాడు. తర్వాత ఆ చొక్కాలోకి తల దూర్చాడు. అతుక్కుపోయిన చేతుల్లోకి మోచెయ్యి పోనిస్తే చర్రుమని చప్పుడైంది. "ఖలాస్," అన్నాడు. "సిస్టర్ నే ధోయా, హమ్ పహనేంగే." సిస్టర్ ఉతికింది, మేం వేసుకుంటాం అని. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు చర్రుచర్రుమని తొడుక్కున్నారు. చేతులు పక్కకి వాలక, పద్నాలుగు మందీ పెళ్లికొడుకుల్లా బిగుసుకుని బస్సెక్కారు.

మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు కాగానే ఆట మొదలైంది. గంజిబట్ట పొడిగా ఉన్నంతసేపే దర్జా, చెమట తగిలితే జిగురు. పావుగంటకే చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి, మా వాళ్లు పరిగెత్తేది సగం, గోక్కునేది సగం. గోల్‌కీపర్ చంక గోక్కుంటున్న క్షణాన ఖబూరా వాళ్లు గోలు కొట్టారు. ఖబూరా వైపు డప్పులు మిన్నంటాయి. విరామం విజిల్ పడేసరికి నేను నిలబడలేకపోయాను. విప్పండిరా చొక్కాలు అని అరిచాను. ఏ భాషలో అరిచానో నాకే తెలియదు, కానీ అందరూ విప్పారు.

మైదానం పక్కనే ఖర్జూర తోట, దాని అంచున కొండల్లోంచి నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువ. చొక్కాలన్నీ చంకన పెట్టుకుని పరిగెత్తాను, వెనకాల భాయ్. నీళ్లలో ముంచబోతుంటే తోట ముసలాయన కర్ర అడ్డం పెట్టి ఏదో కేకలేశాడు. "ఈడ కాదంటమ్మా, ఇవి తాగే నీళ్లంట! ముందు తాగేటివి, తర్వాత మసీదువి, బట్టలు ఆ కింద ఉతకాలంట! పరిగెత్తు!" అని భాయ్ అరిచాడు. విరామం పదిహేను నిమిషాలు, అందులో మూడు అప్పటికే అయిపోయాయి. మేం దిగువకి పరిగెత్తాం, భాయ్ చెప్పగా సంగతి తెలిసిన ముసలాయన మాకంటే ముందే చేరి, కర్ర పక్కన పడేసి తనూ కాలువలో దిగాడు. పికప్‌లో కూర్చుని ఆట చూస్తున్న నానమ్మ ఇంటి ఆడవాళ్లు కూడా వచ్చేశారు. యూనిఫాంతో మోకాలి లోతు నీళ్లలో నేను జాడించడం, వాళ్లు పిండటం, భాయ్ భుజాన వేసుకుని పరుగు. ఆఖరి చొక్కా అందిన వాడు దాన్ని తొడుక్కుంటూనే మైదానంలోకి దిగాడు.

ఆ తర్వాత ఆట చెప్పనలవి కాదు! చల్లటి తడిచొక్కాలతో మా పిల్లలకి ప్రాణం లేచొచ్చింది. ఒకడు తీసుకున్న బంతి ఇంకొకడికి, వాడి నుంచి మరొకడికి, ఇసుకలో పెరిగినవాళ్లు కూడా రొప్పారు. మూలనుంచి వచ్చిన బంతిని కెప్టెన్ గాల్లోకి లేచి తలతో కొట్టాడు, వల ఊగింది, నేను కడప భాయ్ తలపాగా పీకి గాల్లోకి విసిరేశాను. ఒకటి, ఒకటి. ఇంకోసారి బంతి కొయ్యకి తగిలి వెనక్కొస్తే మైదానమంతా ఒక్క గొంతుతో హాహాకారం చేసింది. పొద్దు కొండ వెనక్కి వాలుతోంది, ఇంకో గోలు మాదే అని నాకు రూఢిగా తెలుసు.

మాది కాలేదు. ఆఖరి నిమిషంలో ఖబూరా అబ్బాయి దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌కీపర్ వేళ్లు రాసుకుంటూ లోపలికి పోయింది. ఓడిపోయాం.

తడిసిన యూనిఫాంతో బస్సు పక్కన తల దించుకుని నిలబడ్డాను. ఓడినవాళ్లకి సాకు వెతుక్కోనక్కర్లేదు, అది తెల్లబట్టలేసుకుని ఎదురుగానే నిలబడి ఉంది. పద్నాలుగు మంది నా పక్కనుంచే బస్సెక్కారు. ఒక్కడూ వేలెత్తి చూపలేదు, ఒక్కడూ ముఖం తిప్పుకోలేదు. నానమ్మ ఫ్లాస్కు మూత తీసింది. గెలిచినా ఓడినా మొదటి కప్పు ఆరోజు గోలు కొట్టినవాడిది. కెప్టెన్ ఆ కప్పు అందుకుని, తను తాగకుండా, దిగి వచ్చి నా చేతిలో పెట్టాడు. "యల్లా సిస్టర్, బస్ మే బైఠో" అన్నాడు, పద, బస్సెక్కు అని, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఖహ్వా ఎలా ఉందో నాకు తెలియదు, కన్నీళ్లతో కలిపి తాగేశాను. ఆ రాత్రి రూమ్‌కి వెళ్లి క్యాలెండర్ మీద రోజు కొట్టేయడం మరిచిపోయాను, మళ్లీ ఎప్పుడూ కొట్టేయలేదు.

పోయిన శుక్రవారం ఆ అమ్మాయిని బతిమాలి, బస్సు వెనకాలే వెళ్లి కాసేపు ఆట చూసి వచ్చాను. పచ్చటి మైదానం, లైట్లు, కుర్చీలు, జట్టుకి సొంత ఫిజియో. ఆడపిల్లల జట్టు కూడా ఉందట, ఆ మాట విని నా మనసు నిండింది. పిల్లలందరికీ తలా ఒక బ్యాగు, చొక్కా వెనక ఎవరి పేరు వారిది, చెమట పట్టినా ఇట్టే ఆరిపోయే బట్ట. తమ చొక్కాలన్నీ ఒక సంచిలో మూటగట్టి, మాట కూడా సరిగా తెలియని పరాయి ఊరి మనిషి చేతిలో పెట్టి వెళ్లాల్సిన అవసరం ఇప్పుడు వాళ్లకి లేదు. ఆ అవసరం తీరిపోవడం మంచిదే, నేను కాదనను. అయితే ఇంకో నెలలో నేను రిటైరై ఇంటికి వెళ్లిపోతున్నాను. నా తర్వాత క్లినిక్‌కి రాబోయేది కూడా మన గోదావరి పిల్లేనట, ఇరవై ఆరేళ్లట. ఆ పిల్లని ఎవరు నమ్మి, ఏం చేతికిచ్చి, తమ మనిషిని చేసుకుంటారో అని నా బెంగ.