ఉప్పుగూడలో ఖాళీ అయిన మందసం

1979 జూన్‌లో నన్ను హైదరాబాద్ పాతబస్తీలోని ఒక విచారణకు గురువుగా, అంటే ఫాదరుగా, పంపారు. కథోలికుల వాడుకలో విచారణ అంటే ఒక గురువు చూసుకునే పెద్ద గుడి, దాని కిందుండే చిన్న గుళ్లు, వాటికి వచ్చే కుటుంబాలు అన్నీ కలిపి. నా పెద్ద గుడి చార్మినార్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. చిన్న గుళ్లలో ఒకటి ఉప్పుగూడలో, రైల్వే స్టేషన్ దాటాక, రేకుల కప్పుతో ఉండేది. అదే ఉత్తర్వులో నాకు రెండో పని కూడా అప్పగించారు. మేత్రాణులు, అంటే మా బిషప్పు గారు, కొత్తగా వేసిన ప్రణాళికా సంఘానికి నేను కార్యదర్శిని.

ఆ సంఘం అవసరం ఏమిటో మాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. విదేశాల నుంచి వచ్చిన మిషనరీ గురువులు ముసలివాళ్లై తిరిగి వెళ్లిపోతున్నారు. వాళ్ల స్థానంలో కొత్తవాళ్లకు వీసాలు రావడం లేదు. గురువిద్యాలయంలో చేరే మన పిల్లలు తక్కువ, చివరిదాకా నిలిచేవాళ్లు ఇంకా తక్కువ. ఆదివారం వచ్చిందంటే ఒక గుడిలో పూజ ముగించి, చెమట ఆరకుండానే స్కూటర్ ఎక్కి మరో గుడికి పరుగెత్తేవాణ్ణి. పదేళ్ల తర్వాత ఆ స్కూటర్ నడిపేవాడు కూడా ఉండకపోతే ఈ గుళ్లను ఏం చేయాలి? అది తేల్చడమే మా పని.

సంఘానికి అధ్యక్షుడు మాలో చాలా సీనియర్ గురువు. ఆయన ఇప్పుడు లేరు. తన తరఫున జవాబు చెప్పుకోలేని మనిషి కాబట్టి పేరు రాయను. నా కోపం మాత్రం దాచుకోను.

పూజ చేయడం, పాపసంకీర్తనం విని క్షమాపణ పలకడం గురువుకు మాత్రమే చెల్లుతాయి. వాటిని ఎవరికీ బదిలీ చేయలేం. కానీ పూజలో ఆశీర్వదించిన అప్పం, మేము సత్ప్రసాదం అంటాం, కొంత మిగిల్చి పీఠం వెనుక గోడలో తాళం వేసిన పెట్టెలో భద్రం చేస్తాం. ఆ పెట్టె పేరు మందసం. అది ఖాళీగా లేదని తెలియడానికి పక్కన ఎర్ర దీపం వెలుగుతూ ఉంటుంది. మంచం పట్టినవాళ్లకూ చావుబతుకుల్లో ఉన్నవాళ్లకూ ఆ సత్ప్రసాదం తీసుకెళ్లి ఇవ్వాలి. గురువులు చాలని చోట, తగిన శిక్షణ పొందిన విశ్వాసులు, ఆడవాళ్లయినా సరే, ఆ పని చేయవచ్చని రోమ్ నుంచి అప్పటికే అనుమతి వచ్చి ఉంది. మా ప్రణాళికంతా దాని మీదే నిలబడింది. ప్రతి చిన్న గుడికీ ఒకరిద్దరిని తయారుచేయాలి. గురువు రాని ఆదివారం వాళ్లు సువార్త చదివి, ప్రార్థన నడిపి, సత్ప్రసాదం పంచుతారు. రోగుల ఇళ్లకు వెళ్తారు. అవసరమైతే చనిపోయినవాళ్లను సమాధి చేస్తారు. దీన్ని ప్రతిపాదించిందీ, మేత్రాణులకు చదివి వినిపించిందీ అధ్యక్షుడే. ఆ మాట మరచిపోకూడదు.

ఉప్పుగూడలో మగవాళ్లు ఎక్కువమంది రైల్వేలో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లు. శిక్షణకు రమ్మంటే ఇద్దరు పేర్లిచ్చి, రెండు వారాలకే మానేశారు. చివరిదాకా వచ్చింది శౌరమ్మ ఒక్కతే. ఆమె సర్కారు బడిలో పంతులమ్మ. భర్త జోజప్ప రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. వారమంతా బడిలో గొంతు చించుకుని, సెలవు రోజున బస్సు మారి శిక్షణకు వచ్చేది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడేది కాదు. అర్థం కానిది అర్థమైనట్టు తల మాత్రం ఊపేది కాదు.

మేత్రాణులు అనుమతించారు. మందసం తాళంచెవి రెండోది ఆమెకిచ్చాను. ఆ తర్వాత ఉప్పుగూడలో జరిగింది నేను కళ్లారా చూశాను. నేను వెళ్లని ఆదివారాల్లో కూడా గుడి నిండేది. ఏళ్ల తరబడి మంచం మీదున్న ముసలివాళ్లకు వారం వారం సత్ప్రసాదం అందేది. అలాంటివాళ్లలో రాయప్ప ఒకడు. లోకో షెడ్డులో బొగ్గు పని చేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేవాడు. శౌరమ్మ ఇంటి వెనుక గల్లీలోనే అతని ఇల్లు. తనకు అందుతున్నది ఎవరి చేతిమీదుగా అని రాయప్ప ఏనాడూ అడగలేదు.

అడిగినవాళ్లు వేరే ఉన్నారు. పెద్ద గుడికి వచ్చే పెద్దమనుషులు కొందరు అధ్యక్షుణ్ణి కలిసి, ఆడమనిషి చేత్తో సత్ప్రసాదం ఏమిటని అభ్యంతరం చెప్పారు. వాళ్లలో ఉప్పుగూడ వాళ్లు ఒక్కరూ లేరు. అధ్యక్షుడు సంఘాన్ని పిలవలేదు. కార్యదర్శినైన నన్ను ఒక్క మాట అడగలేదు. మేత్రాణులు వైద్యం కోసం ఊరు విడిచి వెళ్లిన సమయం చూసి, ఒక ఆదివారం, నేను వేరే గుడిలో పూజలో ఉండగా తానే ఉప్పుగూడ వెళ్లారు. ప్రార్థన ముగిశాక అందరినీ కూర్చోమని చెప్పి, పెద్ద గుడిలో నేనుంచే తాళంచెవి తెచ్చి మందసం తెరిచి, అందులోని పాత్ర బయటికి తీశారు. ఎర్ర దీపం ఆర్పేశారు. పవిత్ర పాత్రను పట్టుకోవడానికి తగిన చేతులు దొరికేదాకా ఈ గుడిలో సత్ప్రసాదం ఉండదని ప్రకటించారు. శౌరమ్మ ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి చాపారు. ఆమె లేచి, తాళంచెవి ఆ చేతిలో పెట్టి, మళ్లీ కూర్చుంది.

ఇదంతా ఆ సాయంత్రం జోజప్ప వచ్చి చెప్పాడు. మర్నాడే వెళ్లి అధ్యక్షుణ్ణి నిలదీశాను. ఆయన చల్లగా, తొందరపడ్డామని, జనం ఇంకా సిద్ధంగా లేరని అన్నారు. ఉప్పుగూడ జనం సిద్ధంగానే ఉన్నారు కదా అంటే, మేత్రాసనం, అంటే బిషప్పు గారి కిందున్న ప్రాంతమంతా, ఉప్పుగూడ ఒక్కటే కాదన్నారు. అయితే రోగుల సంగతేమిటన్నాను. నువ్వున్నావు కదా, స్కూటర్ ఉంది కదా అన్నారు. గురువులు చాలరని ప్రణాళిక రాసిన మనిషి, అదే నోటితో, ఉన్న గురువు సరిపోతాడని చెప్పారు. మేత్రాణులు ఎప్పుడొస్తారని ఆఫీసులో అడిగితే తెలియదన్నారు.

ఆ చలికాలంలో మతఘర్షణల వల్ల పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజుల్లో అది మాకు కొత్త కాదు. కానీ ఆసారి సడలింపు లేకుండా సాగింది. ఒక మధ్యాహ్నం గుడి ఫోను మోగింది. జోజప్ప స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాడు. డ్యూటీలో ఉండిపోయినవాడు కాబట్టి అతనికి ఫోను దొరికింది; గల్లీ కబురు పట్టాల వెంట వచ్చిన రైల్వే మనిషి చెప్పాడట.

"ఫాదర్, రాయప్పకు శ్వాస అందుతలేదు. సత్ప్రసాదం కావాలె అంటున్నడు. మీరు వస్తరా?"

వస్తానన్నాను. చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే అభ్యంగన తైలం, సత్ప్రసాదం ఉన్న చిన్న డబ్బీ మెడలో వేసుకుని బయల్దేరాను. కర్ఫ్యూ పాసు కోసం ఠాణాకు ఫోను చేస్తే పెద్దాయన లేరన్నారు. మా గుడి పక్కనే ఉండే ఖాజా భాయ్, లాడ్ బజార్‌లో గాజుల దుకాణం ఆయనది, నేను తెల్ల అంగీతో గేటు దగ్గర నిలబడటం చూసి కిటికీలోంచి ఎక్కడికని అడిగాడు. చెప్పాను. వద్దన్నా వినకుండా చెప్పులు వేసుకుని వచ్చాడు. మెయిన్ రోడ్డు వదిలి గల్లీల్లోంచి తీసుకెళ్లాడు. చాలా దూరమే వెళ్లాం. ఒక మలుపు దగ్గర బయటి నుంచి వచ్చిన సాయుధ పోలీసులు ఆపారు. ఒక మనిషి చావుబతుకుల్లో ఉన్నాడని నేను చెప్పాను. ఖాజా భాయ్ ఉర్దూలో బతిమాలాడు. వాళ్లు లాఠీ ఎత్తింది నా మీదకు కాదు, ఆయన మీదకు. నా వల్ల ఆయనకు దెబ్బలు తగలడం ఇష్టంలేక వెనక్కి తిరిగాను. గుడికి చేరి, స్టేషన్‌కు ఫోను చేసి జోజప్పకు చెప్పాను.

మర్నాడు పొద్దున రెండు గంటలు సడలించారు. స్కూటర్ మీద ఉప్పుగూడ చేరేసరికి రాయప్ప శవాన్ని గదిలో చాప మీద పడుకోబెట్టి ఉంచారు. శౌరమ్మ అక్కడే ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి అక్కడే ఉందట. జపమాల చెప్పింది, సువార్త చదివింది, నీళ్లు తాగించింది. నేను ఏదో అనబోతే ఆమె ఆపింది.

"మీ తప్పేం లేదు ఫాదర్. తొవ్వల ఆపిన్రని జోజప్ప చెప్పిండు. కానీ ఒక మాట ఇనున్రి. మా ఇంటికెల్లి గుడికి పోయి ఈడికి రావాల్నంటే ఈ గల్లీ దాటే పనే లేదు. పోలీసోళ్లు గూడ ఆపరు. రాయప్ప పొద్దుగూకేదాంక అడిగిండు. 'పెట్టెల లేదా, టీచరమ్మా' అని. లేదు అని ఎన్నిసార్లు చెప్పాలె నేను?"

సడలింపు ముగిసేలోగా సమాధి చేశాం.

కర్ఫ్యూ ఎత్తేశాక ప్రణాళికా సంఘం సమావేశమైంది. జరిగింది చెప్పాను. అధ్యక్షుడు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, దేవుడు కరుణామయుడు, సత్ప్రసాదం అందనంత మాత్రాన ఆ ఆత్మను ఆయన వదిలేయడు అన్నారు. వేదాంతపరంగా అందులో తప్పు లేదు. పాఠం చెప్పేటప్పుడు నేనూ అదే చెబుతాను. కానీ రాయప్ప గొంతు ఎండేదాకా అడిగినదాన్ని అంత తేలికగా చేత్తో పక్కకు తోసేయడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"అట్లయితే మనమెందుకు ఫాదర్? ఈ సంఘమెందుకు?" అని అడిగాను.

సమావేశం ముగిసిందన్నారు. కార్యదర్శి పదవికి అక్కడే రాజీనామా చేశాను.

మేత్రాణులు తిరిగి వచ్చిన వారమే వెళ్లి కలిశాను. ఆయన అప్పటికే బాగా నీరసించి ఉన్నారు. మొత్తం విని, నా అనుమతిని నేను రద్దు చేయలేదే అన్నారు. పాత అనుమతి అలాగే ఉందనీ, శౌరమ్మకు తాళంచెవి తిరిగి ఇవ్వమనీ చెప్పారు. అధ్యక్షుణ్ణి మందలించమని అడిగాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు.

గెలిచాననుకుని ఉప్పుగూడ వెళ్లాను. శౌరమ్మ బడి నుంచి అప్పుడే వచ్చింది. తాళంచెవి బల్ల మీద పెడితే దానివైపు చూడలేదు.

"నేను తీసుకోను ఫాదర్."

మేత్రాణుల మాట అని చెప్పాను.

"పెద్దాయన మంచోడు. కాదంటలే. కానీ నా చేతులు తగవు అన్నది అందరి ముంగట. ఇచ్చేది మాత్రం ఇంట్ల కూసోని చాటుంగనా? ఆ ఫాదర్ వచ్చి, అదే గుడిల, అదే జనం ముంగట, నేను అన్నది తప్పు అని చెప్పాలె. గప్పుడు తీసుకుంట. అప్పటిదాంక ప్రార్థన చెప్పిస్త. దానికి ఎవల పర్మిషన్ అక్కెర లేదు."

ఆమె మొండితనం వల్ల రోగులకు నష్టం కదా అని అడగకుండా ఉండలేకపోయాను. ఆమెకు నిజంగా కోపం వచ్చింది.

"రేపు ఇంకొకాయనకొస్తది కోపం. మళ్ల గుంజుకుంటడు. మళ్ల ఎవలో ఒకలు పెట్టెల లేదా అని అడుక్కుంట సస్తరు. గిట్ల ఇచ్చుడు గుంజుకునుడు ఆగాల్నా వద్దా?"

తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాను. ఆమె అన్నది సబబేనని దారిలోనే ఒప్పుకున్నాను. అధ్యక్షుణ్ణి కలిసి ఆమె షరతు చెప్పాను. ఆయన నవ్వారు. ఒక పంతులమ్మ ముందు గురువు క్షమాపణ చెబితే, మిగిలిన గురువుల మాట ఎవరు వింటారన్నారు. అసలు విషయం అప్పుడు బయటపడింది. గురువులు తగ్గిపోతారని ఆయనకు బెంగ లేదు. తగ్గిపోయిన గురువులకు పెత్తనం తగ్గకూడదన్నదే ఆయన బెంగ. మా ప్రణాళిక అంతా దాన్ని కాపాడుకోవడానికే.

ఆ వేసవిలో నన్ను జిల్లాలోని ఒక విచారణకు బదిలీ చేశారు. ఉత్తర్వులో కారణం లేదు. ఉండనక్కరలేదు కూడా. విధేయత మాట ఇచ్చినవాణ్ణి కాబట్టి వెళ్లాను. ఉప్పుగూడలో శౌరమ్మ ఆదివారాల ప్రార్థన నడిపిస్తూనే ఉంది. మందసం ఖాళీగానే ఉంది. నా తర్వాత వచ్చిన గురువు వీలున్నప్పుడు రోగుల దగ్గరికి వెళ్లాడు. వీలు కానప్పుడు రాయప్పకు జరిగిందే మరికొందరికి జరిగింది.

అధ్యక్షుడు పదవీ విరమణ చేశాకగానీ కదలిక రాలేదు. ఆయన స్థానంలో వచ్చిన గురువు ఒక ఆదివారం ఉప్పుగూడ వెళ్లి, పూజ మధ్యలో, ఈ గుడిలో ఒక పంతులమ్మ విషయంలో గురువుల తరఫున జరిగింది తప్పని అందరి ముందూ చెప్పాడు. అవమానించినవాడు వేరు, తప్పని ఒప్పుకున్నవాడు వేరు. అయినా శౌరమ్మ లేచి వెళ్లి తాళంచెవి తీసుకుంది. చాలా ఏళ్లు ఆ పని చేసింది. నేను జిల్లాలో ఉండగా జోజప్ప రాసిన ఉత్తరం వల్ల ఇది తెలిసింది. ఆ మధ్యలో పోయిన ఏళ్లకు, ఆ ఏళ్లలో పోయిన మనుషులకు, ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఇప్పుడు గురువుల కొరత గురించి మళ్లీ సంఘాలు వేస్తున్నారు. రిటైరైన నా దగ్గరికి కూడా కొందరు యువ గురువులు సలహా కోసం వస్తారు. వాళ్లకు చెప్పేది ఇదే. విశ్వాసులను శిక్షణకు పిలవకముందే మీలో మీరు ఒక విషయం తేల్చుకోండి: మీ చేతుల్లోని ఏ అధికారం వాళ్లకు ఇస్తారు, ఇచ్చాక తిరిగి అడగకుండా ఉండగలరా? అది తేలకపోతే ఎవరినీ పిలవకండి. గురువు లేని గుడి నడుస్తుంది, నేను చూశాను. ఇచ్చి లాక్కునే గురువు ఉన్న గుడి నడవదు.