గాజులుంటేనే పాలు

మల్యాలలో టీ అడిగితే, హోటలాయన పాలు పితికొస్తానని వెనక్కి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. బర్రె పక్కన కూర్చుని పాలు పితుకుతున్న ఆ బుర్ర మీసాలాయనకు చేతినిండా ఆకుపచ్చ గాజులు, మడమలు బయటికొచ్చిన ఆడవాళ్ల చెప్పులు!

"మా ఆమె తల్లిగారింటికి పోయింది సార్. గీ చెప్పులు, గాజుల సప్పుడు లేకుంటే బర్రె పాలియ్యది. పన్నెండేండ్లు దుబాయ్‌ల ఉండి అచ్చిన. ఇంట్ల అందరు గుర్తుపట్టిండ్రు, గిదొక్కటే ఒప్పుకుంటలేదు."

ఫొటో తీసుకోనా అన్నాను.

"తియ్యుండ్రి. గాజులు కనబడొద్దు, ఇజ్జత్ పోతది," అంటూ గాజుల చేయి వెనక దాచి, నిటారుగా కూర్చున్నాడు.

సప్పుడు ఆగింది. బర్రె తల తిప్పి ఆయన్ని ఎగాదిగా చూసి, బకెట్‌ను ఒక్క తన్ను తన్నింది.

ఆయన ఇజ్జత్ దక్కింది గానీ, నా టీ దక్కలేదు.